కుక్కపిల్ల కాలు, దాని గిన్నె



నిజామాబాద్ జిల్లా సిరికొండ దిక్కు ఊళ్ళల్లో కుక్కకు చేతినిండా పని ఉంటుంది. మక్క చేను కంకి పట్టిందంటే రాత్రిళ్ళు అడవి పందులు, పగలు కోతులు. మంచె మీద మనిషి ఎంత మేల్కొని ఉన్నా ముందు పసిగట్టేది కుక్కే. గొర్ల మంద వెంట గుట్టలెక్కేదీ అదే. ఇది ఒక రకం కుక్క. ఇంకో రకం కొత్త ఇళ్ళతో పాటు వచ్చింది. దుబాయో మస్కటో పోయి సంపాదించిన కొడుకు ఇల్లు కట్టిస్తాడు, కింద నున్నటి టైల్స్ వేయిస్తాడు, గేటు లోపల ఒక లాబ్రడార్ పిల్లనో జర్మన్ షెపర్డ్ పిల్లనో తెచ్చి కడతాడు. సెలవు అయిపోగానే మళ్ళీ విమానమెక్కుతాడు. పిల్లను సాకేది ఇంటి దగ్గర బీడీలు చుట్టుకునే తల్లి.

ఈ రెండు రకాల పిల్లలూ మూడు నాలుగు నెలల వయసులో పశువుల దవాఖానకు ఒకే మాట మీద వస్తాయి. "సారూ, కాలు ఈడ్సుకుంట నడుస్తుంది." "ముంగటి కాళ్ళు వంకర పోతున్నయి సారూ." చూడ్డానికి రెండూ ఒకే తీరుగా ఉంటాయి. లోపల సంగతి వేరు. ఒకదానికి కాల్షియం అందక కాళ్ళు వంగాయి, ఇంకోదానికి కాల్షియం ఎక్కువై వంగాయి. మొదటిదాన్ని నిలబెట్టే మందే రెండోదాన్ని ఇంకా చెడగొడుతుంది. కాబట్టి కుంటే కుక్కపిల్లకు మెడికల్ షాపులో కాల్షియం సీసా కొనేముందు డాక్టరుకు చూపించండి. ఇవాళ్టి నా ప్రసంగమంతా ఈ ఒక్క మాట చుట్టే.

లాబ్రడార్ పిల్ల పుట్టినప్పుడు దాదాపు నాలుగు వందల గ్రాములుంటుంది. ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోలు తూగుతుంది. అంటే డెబ్బై రెట్ల పైమాటే. మనిషి బిడ్డ మూడు కిలోలతో పుట్టి అరవై కిలోలకు రావడానికి పద్దెనిమిది, ఇరవై ఏళ్ళు తీసుకుంటుంది, అదీ ఇరవై రెట్లే. ఇంత తొందరగా ఎదిగే బొక్క మధ్యలో సాగదు. చివర్లలో మెత్తటి పొర ఒకటుంటుంది, అక్కడ సాగుతుంది. మక్క కర్ర కణుపుల దగ్గర సాగుతుంది చూడండి, ఇదీ అంతే. ఆ పొర చాలా జాతుల్లో ఏడాదిలోపు గట్టిపడి మూసుకుపోతుంది, బాగా పెద్ద జాతుల్లో ఇంకా ఆలస్యమవుతుంది. అది మూసుకునేలోపు జరిగిన తప్పు కాలు మీద అట్లాగే ఉండిపోతుంది. పిల్లకు ఆరు నెలలు దాటినంక చూద్దాంలే అనుకోకూడదనేది ఇందుకే.

దవాఖానలో డాక్టరు కాలు పట్టుకోకముందే ఒక ప్రశ్న అడుగుతాడు.

"ఏం పెడుతున్నవమ్మా?"

"మేం తినేదే సారూ. బువ్వల ఇన్ని పాలు పోసి పెడత. ఐతారం ఐతారం మటన్ ముక్కలు."

ఆ తల్లి తక్కువేం చేయలేదు. ఇంట్లో ఉన్న మంచి తిండే పెట్టింది. కానీ లెక్క కుదరలేదు. ఎదిగే కుక్కపిల్ల తినే ప్రతి వెయ్యి కిలోకాలరీల తిండిలో సుమారు 3 గ్రాముల కాల్షియం ఉండాలని పోషకాహార శాస్త్రం చెబుతుంది. వెయ్యి కిలోకాలరీలకు సరిపడా అన్నం పెడితే అందులో గ్రాములో పదో వంతు కూడా రాదు. గ్లాసెడు ఆవుపాలలో వచ్చేది పావు గ్రాము. మటన్‌లో మెత్తటి కండ మాత్రమే పెడితే ఇంకో చిక్కు. కండలో కాల్షియం ఒక పాలు ఉంటే భాస్వరం ఇరవై పాళ్ళు ఉంటుంది. బొక్కకు కావలసింది ఈ రెండూ దాదాపు సమానంగా, కాల్షియం కాస్త ఎక్కువగా. లెక్క తప్పితే మెడలో ఉండే చిన్న గ్రంథులు మేల్కొని, రక్తంలో కాల్షియం తగ్గకుండా బొక్కల్లోంచే లాగడం మొదలుపెడతాయి. గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా రక్తంలో అది ఉండి తీరాలి మరి. బొక్క పల్చబడుతుంది, పిల్ల బరువుకు వంగుతుంది. మంచం మీంచి దూకితే చాలు, విరుగుతుంది. వెన్నుపూసలు అణిగి వెనక కాళ్ళు పడిపోయిన పిల్లలూ ఉంటాయి.

ఊరి మీద తిరిగే పిల్ల ఎక్కడో ఒక బొక్క కొరుక్కుంటుంది, మటన్ దుకాణం ముందర ఏదో ఏరుకుంటుంది. కట్టేసిన పిల్లకు ఆ స్వేచ్ఛ లేదు. దాని గిన్నెలో మనం ఏం వేస్తే అదే దాని లోకం. ప్రేమగా కట్టేసి పెంచిన పిల్లకే ఈ జబ్బు రావడంలో ఉన్న వింత ఇదే.

వంకర కాళ్ళ కుక్కపిల్లలకు మనుషులు బాకీ పడి ఉన్నారు కూడా. వందేళ్ళ కింద ఇంగ్లండులో ఫ్యాక్టరీ ఊళ్ళ పిల్లలకు రికెట్స్ విపరీతంగా వచ్చేది. కాళ్ళు విల్లులా వంగిపోయేవి. కారణం తెలియదు. ఎడ్వర్డ్ మెల్లన్‌బీ అనే వైద్య శాస్త్రవేత్త కుక్కపిల్లలను ఓట్స్ లాంటి గింజల తిండితో పెంచి వాటికి అదే జబ్బు తెప్పించాడు. కాడ్ చేప కాలేయం నూనె కలిపితే రాలేదు. 1919లో ఆయన ఆ ఫలితాలు ప్రకటించాడు. తర్వాత అమెరికాలో మెకాలమ్ అనే ఆయన ఆ నూనెలో ఉన్న గుణాన్ని వేరుగా గుర్తించి విటమిన్ డి అని పేరు పెట్టాడు. ఇవాళ అంగన్‌వాడీ వయసు పిల్లల నోట్లో మనం వేసే విటమిన్ డి చుక్కల వెనుక ఆ కుక్కపిల్లల కాళ్ళున్నాయి. గింజల తిండి ఒక్కటే పెడితే ఏమవుతుందో నూరేళ్ళ కిందే తేలిపోయింది. మన దగ్గర ఓట్స్ బదులు బువ్వ, అంతే తేడా.

"ఎండల కట్టెయ్యి, బొక్కలు గట్టిపడతయి" అని పెద్దవాళ్ళు చెప్తుంటారు. మనిషి బిడ్డకైతే అది మంచి మాటే. కుక్కకు కాదు. కుక్క చర్మానికి ఎండతో సరిపడా విటమిన్ డి తయారుచేసుకునే శక్తి లేదని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1994లో తేల్చారు. దానికి విటమిన్ డి తిండిలోంచే రావాలి. నిజామాబాద్ మే నెల ఎండలో కుక్కపిల్లను కట్టేస్తే దానికి వచ్చేది వడదెబ్బ ఒక్కటే.

ఇక టైల్స్ ఇంటి లాబ్రడార్ సంగతి. దానికి బస్తా తిండి కొంటారు. పిల్లల కోసం తయారైన మంచి రకం బస్తా తిండిలో కాల్షియం, భాస్వరం, విటమిన్ డి ముందే లెక్క ప్రకారం కలిపి ఉంటాయి. దాని పైన పిల్లను అమ్మినాయన చెప్పాడని రోజూ రెండు పూటలా కాల్షియం సీసా. మస్కట్ నుంచి వీడియో కాల్‌లో కొడుకు మొదట అడిగేది "అమ్మా, కాల్షియం పోస్తున్నవా?" అని. తల్లి ఆరోగ్యం సంగతి ఆ తర్వాత వస్తుంది.

పెద్ద కుక్క అయితే పేగు తనకు కావలసినంత కాల్షియం తీసుకొని మిగతాది వదిలేస్తుంది. ఆరు నెలల లోపు పిల్లకు ఆ తలుపు వేసుకోవడం ఇంకా సరిగ్గా రాదు. వచ్చిందాంట్లో చాలా భాగం లోపలికి పోతుంది. అదే ఉట్రెక్ట్‌లో 1980లలో హేజ్‌వింకెల్ అనే పశువైద్యుడు గ్రేట్ డేన్ పిల్లలకు కాల్షియం ఎక్కువ పెట్టి చూశాడు. కాళ్ళు వంకర్లు పోయాయి, కీళ్ళలో మృదులాస్థి సరిగ్గా బొక్కగా మారలేదు, ఎదుగుదల దెబ్బతింది. కుంటితనానికి విరుగుడనుకున్నదే కుంటితనం తెచ్చింది. అయినా మన మెడికల్ షాపుల్లో కాల్షియం సీసాకు చీటీ అడిగేవాళ్ళు లేరు. ఎవరికైనా ఇస్తారు.

పిల్ల గుండ్రంగా ఉండాలనే మోజు కూడా కీళ్ళ మీదే పడుతుంది. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జతలు జతలుగా తీసుకొని, ప్రతి జతలో ఒకదానికి రెండోదాని కంటే పావు వంతు తక్కువ తిండి పెడుతూ వాటి జీవితకాలమంతా గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్న కుక్కల్లో సగం 13 ఏళ్ళ దాకా బతికాయి. ఎక్కువ తిన్నవాటిలో ఆ వయసు 11.2 ఏళ్ళే. కీళ్ళ అరుగుదల కూడా సన్నగా ఉన్నవాటికి చాలా ఆలస్యంగా వచ్చింది. పక్కటెముకలు కంటికి కనపడకపోయినా చేతికి తగలాలి. తగలకపోతే తిండి తగ్గించాలి. ఆ లాబ్రడార్ అడుక్కునే చూపు చూస్తే తగ్గించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

పెద్ద జాతి పిల్ల వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలులా గెంతుతున్నా, పడుకున్నది లేవడానికి ఇబ్బంది పడుతున్నా, తుంటి కీలు చూపించాలి. తొడ బొక్క తల తుంటి గిన్నెలో సరిగ్గా కూర్చోకపోవడం దీనికి మూలం. కుక్కల్లో దీన్ని మొదట 1935లో అమెరికా పశువైద్యుడు ష్నెల్ వర్ణించాడు. డాక్టరు పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి తొడను వెడల్పుగా తిప్పి "టక్" మనే శబ్దం కోసం వేలితో వింటాడు. ఆ పరీక్ష పేరు ఓర్టోలాని. ఇటలీలో పసిపిల్లల డాక్టరు ఒకాయన చంటి పిల్లల తుంటి కోసం కనిపెట్టిన పద్ధతి అది. రికెట్స్ విషయంలో కుక్కపిల్లలు మనిషి పిల్లలకు ఇచ్చింది ఇక్కడ తిరిగి పుచ్చుకున్నాయి. ఈ తుంటి జబ్బు చాలా మటుకు వంశంలో వస్తుంది, బరువుతో ముదురుతుంది. పిల్లను కొనడానికి పోయినప్పుడు తల్లిని నాలుగడుగులు నడిపించి చూపించమనండి. అమ్మేవాడు మొహం తిప్పుకుంటే ఆ పిల్ల మీకొద్దు.

టైల్స్ మాట ఒకటి చెప్పాలి. రెండు మూడు నెలల పిల్ల నున్నటి బండల మీదే రోజంతా జారుతూ పెరిగితే ముందు కాళ్ళ మణికట్టు వదులై వెనక్కో పక్కకో ఒరిగిపోతుంది. చూస్తే భయమేస్తుంది కానీ చాలా పిల్లలు కోలుకుంటాయి. గోనె సంచులు పరచండి, వాకిట్లో మట్టి మీద వదలండి, తిండి సరిచేయండి. కట్లు కట్టి బిగిస్తే కీలు ఇంకా బలహీనపడుతుంది. ఖర్చు లేని వైద్యం కాబట్టి దీన్ని ఎవరూ నమ్మరు.

మిగతా కారణాలు తొందరగా చెప్పేస్తాను. పొమరేనియన్ లాంటి చిన్న జాతి పిల్ల నడుస్తూ నడుస్తూ నాలుగడుగులు ఒక కాలు ఎత్తేసి మళ్ళీ మామూలుగా నడిస్తే మోకాలి చిప్ప తప్పుతున్నట్టు. జర్మన్ షెపర్డ్ పిల్ల ఈ వారం ఒక కాలు, వచ్చే వారం ఇంకో కాలు మార్చి మార్చి కుంటితే ఎదిగే వయసులో బొక్కల్లో వచ్చే నొప్పి కావచ్చు, అది కాలంతో తగ్గుతుంది. జ్వరంతో కుంటితే పిడుదుల వల్ల వచ్చే జబ్బును అనుమానించాలి, చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతకాలి. బైకు తగిలినా, మెట్ల మీంచి పడినా ఇందాక చెప్పిన మెత్తటి పొర దగ్గర విరగొచ్చు. ఆ విరుగు ఎక్స్‌రే లేకుండా తెలియదు.

ఇంకొకటి మాత్రం తొందరగా చెప్పేది కాదు. టీకా వేయని పిల్ల ఉన్నట్టుండి వెనక కాళ్ళు లాగేసి, చొంగ కారుస్తూ, దవడ వేలాడేసి, మింగలేకపోతుంటే గొంతులో బొక్క ఇరుక్కుందనుకొని నోట్లో చేయి పెట్టకండి. రేబిస్ అన్నిసార్లూ పిచ్చెక్కి కరవడంగానే రాదు, పక్షవాతంగా కూడా వస్తుంది. దూరంగా ఉంచి డాక్టరుకు ఫోన్ చేయండి. చొంగ గాయానికి తగిలినా, పిల్ల గీరినా సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, మనుషుల దవాఖానకు అదే రోజు పోయి టీకా వేయించుకోండి.

ఊళ్ళో జరిగే వైద్యం గురించి రెండు మాటలు. కుంటే పశువుకు వాత పెట్టించడం ఇంకా పూర్తిగా పోలేదు. కాల్చిన చోట పుండు పడుతుంది, కీలు లోపల ఏమీ మారదు. వెదురు బద్దలేసి గట్టిగా బిగించి కట్టే కట్టు ఇంకా ప్రమాదం. పిల్ల రోజు రోజుకూ పెరుగుతుంది, కట్టు పెరగదు. కింద పాదం చల్లబడి, వాచి, నల్లబడ్డాక తీసుకొస్తే కాలే తీసేయాల్సి వస్తుంది.

నొప్పి మాత్రల సంగతి మరీ దారుణం. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సగం విరిచి పాలలో కలుపుతారు. కుక్క కడుపులో పుండ్లు పడి రక్త విరేచనాలవుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పారాసెటమాల్ కూడా కొలత తప్పితే కాలేయాన్ని తింటుంది. డైక్లోఫెనాక్ పేరు రాబందులకు తెలుసు. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే 2006లో కేంద్ర ప్రభుత్వం పశువుల వాడకానికి దాన్ని నిషేధించింది. మనుషుల కోసం అమ్మే సూది మందు మాత్రం దొరుకుతూనే ఉంటుంది, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర కుక్కపిల్లకు అదే పడుతుంది. కుక్కలకు పనికొచ్చే నొప్పి మందులు వేరే ఉన్నాయి, అవి బరువును బట్టి లెక్కేసి ఇవ్వాలి.

మరి ఎక్కడికి పోవాలి? మొదట మీ మండల పశువుల దవాఖానకే. "బర్ల డాక్టరుకు కుక్క ఏం తెలుస్తది" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. పశువైద్య పట్టా ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళ చదువు. అందులో బర్రెతో పాటు కుక్కా ఉంది, కోడీ ఉంది. చదువు తక్కువై కాదు ఇబ్బంది. ఒక్క డాక్టరుకు మండలంలోని ఆవులు, బర్రెలు, గొర్లు, మేకలు అన్నీ ఉన్నాయి. గొర్లకు టీకాలు వేసే రోజుల్లో ఆయన దవాఖానలో దొరకడు, ఏదో ఊరి మంద దగ్గర ఉంటాడు. పొయ్యేముందు ఫోన్ చేస్తే దారి ఖర్చు మిగులుతుంది. తెలంగాణలో 2017లో సంచార పశువైద్యశాలల బండ్లు మొదలయ్యాయి, వాటికి 1962 నంబరు. పశువుల కాపరులు ఎక్కువగా వాడుకుంటున్నారు. మీరూ ఫోన్ చేసి అడగండి.

ఎక్స్‌రే కావాలంటే ధర్‌పల్లి, డిచ్‌పల్లి మీదుగా నిజామాబాద్ పోవడం మనకు అలవాటైన దారి. అక్కడా తేలకపోతే అందరూ హైదరాబాద్ అంటారు. సిరికొండ వాళ్ళు మరిచిపోయే దారి ఇంకోటుంది. భీంగల్, కమ్మర్‌పల్లి, మెట్‌పల్లి మీదుగా కోరుట్ల. అక్కడ పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ కళాశాల ఉంది. కాబోయే డాక్టర్లు నేర్చుకునే చోటు కాబట్టి మన కుక్కపిల్ల కాలును ఒకరికి నలుగురు చూస్తారు. తుంటి ఆపరేషన్ లాంటివి కావాలంటే అప్పుడు రాజేంద్రనగర్ కళాశాల.

పోయేటప్పుడు పిల్లను చేతుల్లో వేలాడేయకుండా గంపలోనో కూరగాయల ట్రేలోనో పాత చీర పరిచి పెట్టుకొని పోండి. అంతకు ముందు రోజు ఫోన్‌లో దాని నడకను వీడియో తీయండి. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి, మట్టి నేల మీద. దవాఖానకు రాగానే భయంతో కొన్ని పిల్లలు కుంటడం మానేస్తాయి. బల్ల మీద బాగానే నిలబడుతుంది, "ఇంటికాడ నిజంగనే కుంటింది సారూ" అని మీరు ఒట్టేయాల్సి వస్తుంది. పెట్టే తిండి, పోసే సీసా, ఇదివరకు వేసిన సూది, దేన్నీ దాచొద్దు. డాక్టరు తిడతాడని కాల్షియం సీసా సంగతి చెప్పకపోతే ఆయన ఇంకో కాల్షియం సీసా రాయొచ్చు.

ఇంట్లో వండే తిండే పెట్టగలిగినవాళ్ళు అదే పెట్టొచ్చు. గుడ్డు, పెరుగు, రాగి జావ, కోడి మాంసం అన్నీ పనికొస్తాయి. గింజల్లో రాగులకు కాల్షియం ఎక్కువ, అయినా ఎదిగే పిల్లకు అదొక్కటే చాలదు. కోడిగుడ్డు పెంకును కడిగి, వేయించి మెత్తగా దంచితే ఒక్క పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. ఎంత వేయాలో మాత్రం డాక్టరునే అడగండి, ఎందుకంటే అది పిల్ల బరువును బట్టి, గిన్నెలోని మిగతా తిండిని బట్టి మారుతుంది. వండిన బొక్కలు పెట్టొద్దు, సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

మందు మొదలై పదిహేను రోజులైతే కొన్ని పిల్లలు ఉరుకుతాయి. ఉరికిందని రెండోసారి దవాఖానకు తీసుకురారు, గిన్నెలోకి మళ్ళీ బువ్వ, పాలు వస్తాయి. వారానికోసారి బరువు తూచి క్యాలెండర్ మీద రాయండి. తూకం లేదంటారా, కిరాణా దుకాణంలోనో వడ్లు తూచే కాంటా మీదనో మీరు పిల్లను ఎత్తుకొని నిలబడండి, ఆ తర్వాత ఒక్కరే నిలబడండి, తేడా పిల్ల బరువు. మళ్ళీ చూపించేటప్పుడు ఆ క్యాలెండర్ కాగితం కూడా చించి పట్టుకొని పోండి. మందు కొలత మార్చేది దాన్ని చూసే.